అన్నరక్షణము - భగవత్కైంకర్యము

ఆలయమున నివేదన ఘంట మ్రోగినప్పుడు మనమందరము చేతులు జోడించి నిలుచుందుము. తెర వెనుక తళిగ స్వామి సన్నిధికి చేరును. తెర తొలగిన పిమ్మట ప్రసాదము మన దోసిలిలోనికి వచ్చును. ఆ నాలుగు మెతుకులను కన్నుల కద్దుకొని స్వీకరించు మనము, అవి నాగటిచాలు మొదలు పోటు వరకు ఎన్ని గండములు గడచి వచ్చినవో తలంచుట మాత్రము అరుదు.

ధనుర్మాసమున ప్రతి వైష్ణవ గృహమునందును వినబడు తిరుప్పావైలో, మూడవ పాశురమున, గోదాదేవి వానను కోరినది. కాని ఆ తల్లి కోరినది కేవలము వాన కాదు; దేశమునకు కీడు చేయని వాన, నెలకు మూడు మారులుగ పంచుకొని కురియు వాన. చిన్ననాట ఆ విశేషణము నాకు పాదపూరణముగ తోచెడిది. అరువది దాటిన ఈ వయస్సులో, మన దేశమున ఋతువులు నడచుచున్న తీరు చూచిన పిమ్మట, ఆ పాశురపు ప్రాణమంతయు ఆ ఒక్క మాటలోనే కలదని తెలిసినది.

2022వ సంవత్సరము మార్చి నెలలో ఉత్తరదేశమున, గోధుమ గింజ పాలు పోసుకొను దశలో, అకాలముగ తీవ్రమైన వేడి తగిలినది. 1901 నుండి ఉన్న లెక్కలలో అంత వేడి మార్చి లేదు. గింజ నిండక ముడుచుకొని పోయినది. ఆ మే 13న ప్రభుత్వము గోధుమ ఎగుమతిని నిలిపివేసినది. మరుసటి యేడు ఆగస్టు నెలలో వాన మొగము చాటు చేసినది. అదే లెక్కలలో అంత వాన తక్కువైన ఆగస్టు లేదు. అదే యేడు డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల చేరువ తీరము దాటినప్పుడు మన డెల్టా భూములలో కోతకు వచ్చిన వరి నేలకొరిగినది. కోసి పరచిన పనలు నీట నానినవి. వెచ్చబడిన గాలి తేమను ఎక్కువగ పట్టి యుంచుననియు, ఒక్క డిగ్రీ వేడికి ఆ పట్టు సుమారు 7 శాతము హెచ్చుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అందుచేతనే కురిసినప్పుడు కుంభవృష్టి యగుట హెచ్చుచున్నది. కురియనప్పుడు అదే వేడి నేలలోని తడిని త్వరగా పీల్చివేయుచున్నది.

ఇట్టి కాలమున ఒక దేశము తన అన్నమును ఎట్లు కాపాడుకొనవలెను? ఇది ప్రభుత్వములకు సంబంధించిన ప్రశ్న యని, భక్తులకు దీనితో పని లేదని కొందరు తలంతురు. ఒకమారు నా ఉపన్యాసానంతరమున ఒక యువ రైతు లేచి, "స్వామీ, శరణాగతి చేసినవానికి గాదె యెందుకు? సర్వము ఆయన సంకల్పమే యైనచో ధాన్యము దాచుట అవిశ్వాసము కాదా?" అని అడిగినాడు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

స్వామి సత్యవ్రతుని అడిగినదేమి?

భాగవతము అష్టమ స్కంధమున మత్స్యావతార కథ కలదు. కృతమాలా నదిలో తర్పణము చేయుచున్న సత్యవ్రత మహారాజు దోసిలిలోనికి చిన్న చేప రూపమున వచ్చిన స్వామి, నేటికి ఏడవ దినమున లోకములు నీట మునుగునని ముందుగనే హెచ్చరించినాడు. నావ వచ్చునని చెప్పినాడు. ఆ నావలో సప్తర్షులతోపాటు ఏమి ఎక్కించుకొనవలెనని ఆనతిచ్చినాడు? బంగారమును కాదు, సింహాసనమును కాదు. ఓషధులను, సకలవిధములైన విత్తనములను.

ఇచ్చట మనము ఆగి ఆలోచింపవలెను. ప్రళయజలములలో నావను తన కొమ్మునకు కట్టుకొని ఈదగల స్వామికి, గుప్పెడు విత్తనములను తానే కాపాడుట కష్టమా? కాదు. అయినను ఆ పనిని రాజునకు అప్పగించినాడు. హెచ్చరిక స్వామిది, నావ స్వామిది, దానిని లాగు బలము స్వామిది. విత్తనములను ఏరి కూర్చుట మాత్రము మనుష్యుని వంతు. ఏడు దినముల వ్యవధి నిచ్చినది అందుకొరకే.

గోవర్ధనోద్ధరణమునందును ఇదే క్రమము కనబడును. ఏడు దినములు ఎడతెగక రాళ్లవాన కురిసినది. కొండను ఎత్తినవాడు కృష్ణుడు. కాని గోపకులు తమ గోవులతో, బండ్లతో, తమను ఆశ్రయించినవారితో నడచి ఆ కొండ క్రిందికి చేరినారు. ఆయన పిలిచినప్పుడు లేగలను విడిచి తాము మాత్రమే పరుగెత్తలేదు. రేపటి పాలకు, రేపటి సేద్యమునకు మూలమైన గోధనమును వెంట తెచ్చుకొన్నారు.

మన సంప్రదాయమున భగవంతుడే సిద్ధోపాయము. మన ప్రయత్నము ఆయనకు సాటియైన ఉపాయము కాజాలదు. అయినచో ప్రయత్నము దేనికి? కైంకర్యమునకు. గాదె నింపువాడు "ఈ గాదె నన్ను రక్షించును" అని తలంచినచో అది అహంకారము. "స్వామి బిడ్డలకు ఆకలి వేళ అందించుటకు ఇది నా చేతిలో ఉంచబడినది" అని తలంచినచో అదే గాదె ఆలయపు ఉగ్రాణముతో సమానము. ఆ యువ రైతునకు నేను చెప్పిన సమాధానము ఇంతే.

కోష్ఠాగారమున వర్షపాత్ర

1905 ప్రాంతమున మైసూరులో వెలుగుచూచిన కౌటిల్యుని అర్థశాస్త్రమును పండితులు రాజనీతి గ్రంథముగనే చదువుదురు. నాకు అందులో మిక్కిలి ప్రియమైన విషయము ఒక కుండ. రాజ్యపు ధాన్యాగారమున మూరెడు వెడల్పు మూతిగల పాత్రను వాన కొలుచుటకు నిలుపవలెనని ఆయన విధించినాడు. వాన కొలతకు గాదె దగ్గర ఏమి పని? ఆకాశము ఇచ్చునది చూచి, ఇంటిలో ఉన్నది లెక్కించుకొనుట. నేడు వాతావరణ శాఖ వారి అంచనాలను ఆహార నిల్వల లెక్కతో కలిపి చూచుటలో ఉన్న తత్త్వము ఆ కుండలోనే కలదు.

ఇంకను ఆయన చెప్పినది వినుడు. కోష్ఠాగారములోని వస్తువులలో సగము ప్రజల ఆపదలకు వేరుగ ఉంచి, మిగిలిన సగమునే వాడవలెను. పాతదానిని తీసి క్రొత్తదానిని నింపుచుండవలెను. కరువు వచ్చినప్పుడు రాజు విత్తనములు, ఆహారము ఇచ్చి ఆదుకొనవలెను. కోటలు, సేతువులు కట్టు పనులు పెట్టి పనివారికి అన్నమివ్వవలెను. అనగా ఒక చేత ఆకలి తీర్చుచు, మరియొక చేత మరుసటి కరువును అడ్డుకొను గట్టు పోయవలెను.

ఈ విధి మరువబడినప్పుడు ఏమగునో మన తెలుగునేల చూచినది. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, వానలు లేక గుంటూరు సీమలో వచ్చిన కరువునకు లక్షకు మించిన ప్రాణములు పోయినవి. నాడు కృష్ణ, గోదావరి జీవనదులే. ఆ నీటిని పొలమునకు మళ్లించు కట్ట లేదు. ఉన్న ధాన్యమును దూరమునుండి తెచ్చు దారి లేదు. ఆ తరువాత ఆర్థరు కాటన్ యత్నమున 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది. నేటికిని గోదావరి జిల్లాలలో ఆయనను తలంచుకొని నీరు విడుచువారు కలరు.

కట్ట యొక్కటియే చాలదని వంగదేశము నేర్పినది. 1942 అక్టోబరులో మేదినీపూర్ తీరమును తుఫాను ముంచినది, వరికి తెగులు సోకినది, యుద్ధము వలన బర్మా బియ్యము నిలిచిపోయినది, ధరలు ఆకాశమునంటినవి. 1943లో సుమారు 30 లక్షల మంది మరణించినారు. అంగడిలో బియ్యము ఉండగనే కొనుటకు కాసు లేక ప్రజలు మరణించినారని ఆచార్య అమర్త్యసేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున నిరూపించినాడు. కావున అన్నరక్షణ మనగా ధాన్యమును రాశి పోయుట మాత్రమే కాదు. అది పేదవాని విస్తరి వరకు చేరుట. గాలివాన పంటను చెరుపగలదు. మనుష్యులను చంపునది చాలమారులు మనుష్యుని అలక్ష్యము.

స్వాతంత్ర్యానంతరము ఈ పాఠము మెల్లగా వంటబట్టినది. 1966లో అమెరికానుండి గోధుమ ఓడలలో రాగా మనము తిన్నాము. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ పంట పండినచోట కొని, నిలువ చేసి, లేనిచోటికి పంపుచున్నది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ఆ ధాన్యమును పేదల హక్కుగ చేసినది. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు సుమారు 80 కోట్ల మందికి ఉచితముగ ధాన్యము అందినది ఆ నిలువవలననే. అయినను గోనె సంచులలో ఆరుబయట తడిసిన ధాన్యమును చూచినప్పుడెల్ల, ప్రసాదము నేల రాలినట్లే నా మనస్సు కలుక్కుమనును.

విత్తనమే నావ

సత్యవ్రతుని నావ నేడును మనయెదుటనే కలదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మారుటేరు పరిశోధనాస్థానమున పుట్టిన స్వర్ణ వరిని ఎరుగని రైతు లేడు. ఆ వరికి ముంపును తట్టుకొను గుణము లేదు. ఒడిశా రైతులు తరతరములుగ ముంపు నేలలలో పండించుకొన్న ఒక దేశవాళీ వరిలో ఆ గుణము కలదని గుర్తించి, శాస్త్రజ్ఞులు దానిని స్వర్ణలోనికి తెచ్చినారు. 2009లో విడుదలైన ఆ స్వర్ణ-సబ్ 1 సుమారు రెండు వారములు నీట మునిగినను మరల చిగురించును. పేరు తెలియని ఏ ముత్తాతయో ఆ పాత విత్తనమును తన గాదెలో నిలుపకున్నచో ఈ రక్షణ మనకు లేదు.

మన హైదరాబాదు చేరువనే పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థవారు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలగు మెట్టపంటల విత్తన నమూనాలను లక్షకు మించి శీతలాగారమున కాపాడుచున్నారు. నార్వే దేశమున మంచుకొండ గర్భమున 2008లో తెరచిన విత్తనాగారమునకు దేశదేశముల విత్తనములు చేరుచున్నవి. మన కోరిక మీదనే ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. రాయలసీమ పెద్దలు కొఱ్ఱలను, సజ్జలను, జొన్నలను విడువకుండుట పేదరికమువలన మాత్రమే కాదు. తక్కువ వానకు పండు పంట ఇంటిలో ఒకటి ఉండవలెనను ఎరుకవలన కూడ. వరి యొక్కటియే మన అన్నమైనచో, ఆ వరికి వచ్చిన కీడు మనకందరికిని వచ్చును.

నేను చూచినది

ఇంతవరకు చదివినది చెప్పినాను. ఇప్పుడు చూచినది చెప్పెదను.

1977 నవంబరు 19. నాడు నేను పాఠశాలలో విద్యార్థిని. కార్తికమాసమున ఇంటికి వచ్చియున్నాను. మా తండ్రిగారు కృష్ణా డెల్టాలో ఒక చిన్న గ్రామమున అర్చకులు. దివిసీమను ముంచి పదివేల ప్రాణములను బలిగొన్న ఆ ఉప్పెన మా ఊరి వరకు రాలేదు గాని గాలియు, వానయు వచ్చినవి. తెల్లవారి చూచినచో ఊరి వరి చేలన్నియు నీటి క్రింద ఉన్నవి.

మూడవ దినమునుండి తీరగ్రామములవారు నడచి రాసాగినారు. ఒడలిపై గుడ్డ సరిగా లేనివారు, బిడ్డలను పోగొట్టుకొన్నవారు ఆలయ మండపమున చేరినారు. ఉగ్రాణమున ధనుర్మాసము నెల దినముల పొంగలికి కూర్చిన బియ్యము, పెసరపప్పు ఉన్నవి. తండ్రిగారు తాళము తీసి, గుండిగలు ఎక్కించుమన్నారు. శాస్త్రము చదువుచున్న గర్వముతో నేను, "నాన్నగారూ, అది స్వామి సొమ్ము కదా! ధనుర్మాసమున ఆయనకు ఏమి ఆరగింపు చేయుదుము?" అని అడ్డుపడినాను. ఆయన నన్ను కోపగింపలేదు. "ఆరగించువాడు ఈయేడు ముందుగ వచ్చినాడు, నాయనా. తిథి మాత్రమే మారినది" అన్నారు. స్వామికి గోరంత నివేదన జరిపి, మిగిలినదంతయు మండపమున వడ్డించినారు.

నాలుగు దినములకు బియ్యము అయిపోయినది. మా ఇంటి అటకమీద ఒక గాదె ఉండెడిది. అందులో తక్కువ కాలమున పండు వరి విత్తనమును తండ్రిగారు ప్రతియేట దాచెడివారు. క్రొత్త పంట కళ్లమునకు చేరువరకు దానిని ముట్టనిచ్చెడివారు కారు. చేరిన పిమ్మట పాతది తీసి క్రొత్తది పోసెడివారు. ఇంటిలో గింజ లేని దినములలో మా తల్లి ఆ గాదె వంక చూచి విసుగుకొన్నను ఆయన కదలలేదు. ఊరి పెద్ద ఒకరు వచ్చి, "స్వామీ, అటకమీది వడ్లు దంపింతుమా?" అని అడిగినారు. మండపమున పసిబిడ్డలు ఏడ్చుచున్నారు. తండ్రిగారు చాలసేపు మాటాడలేదు. తుదకు, "అది నేటి అన్నము కాదయ్యా, రేపటి ఊరు" అని తల వంచుకొన్నారు.

రెండు దినములు మండపమున గంజియే దిక్కు. ఆ రెండు దినములు ఆయన ఆ గంజియు ముట్టలేదు. పిమ్మట సహాయపు లారీలు వచ్చినవి. బియ్యమిచ్చినప్పుడు గొప్పగ తోచిన తండ్రి, వడ్లు నిరాకరించినప్పుడు నాకు కఠినుడుగ తోచినాడు. ఆ మాట పైకి అనలేదు గాని చాల దినములు ఆయన ముఖము చూచి మాటాడలేదు.

కాలువకు నీరు వచ్చినప్పుడు ఆయన గాదె దింపించి, ఇంటింటికి కుంచములతో కొలిచి ఇచ్చినారు. మండపమున గంజి త్రాగిన కుటుంబములు కొన్ని మా ఊరనే నిలిచినవి; వారికిని కొలిచినారు. ఆ దాళ్వాకు మా ఊరిలో నారు పోయబడినది. పచ్చని మడిగట్టున నిలిచి నేను ఆయనకు నమస్కరించినాను. ఎందుకని ఆయన అడుగలేదు.

కోష్ఠాగారమున సగము వేరుగ ఉంచవలెనను మాటను నేను ఆ తరువాత ఎన్నో ఏండ్లకు కౌటిల్యునిలో చదివినాను. చదివిన దినమున పుస్తకము మూసి చాలసేపు కూర్చున్నాను. బియ్యమిచ్చుటకు దయ చాలును. విత్తనమును నిలుపుటకు దయయు, దానిని బిగబట్టు ధైర్యమును కావలెను. ఈ రెండింటిలో ఏది ఎక్కువ కైంకర్యమో నేటికిని నేను తీర్పు చెప్పలేను.

మన వంతు

మన ఆలయములకు ఇది క్రొత్త ధర్మము కాదు. తిరుమల శాసనములను చదివినవారికి తెలియును: పదునైదవ, పదునారవ శతాబ్దములలో భక్తులు సమర్పించిన ద్రవ్యముతో ఆలయ గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించి, అందువలన హెచ్చిన పంటతో స్వామికి నివేదనలు జరిపించినారు. ఆ ప్రసాదములో భాగము రామానుజకూటములకు చేరి, యాత్రికుల తదీయారాధనకు వినియోగపడినది. చెరువు త్రవ్వుటయు, తళిగ సమర్పించుటయు ఒకే కైంకర్యపు రెండు కొసలు. తరిగొండ వెంగమాంబ పేరు మోయుచున్న అన్నప్రసాద భవనమున, 1985లో నిత్యాన్నదానముగ ఆరంభమైన పంక్తి నేటికిని సాగుచున్నది. ఆ పంక్తిలో కూర్చుండు ప్రతి భక్తుడు ఇంటికి పోయి చేయదగిన పనులు కొన్ని కలవు.

విస్తరిలో అన్నము విడువకుడు. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి అన్నమును తూలనాడరాదని, పారవేయరాదని, సమృద్ధిగ పెంచవలెనని వ్రతములుగ విధించినది. వారమున ఒక దినమైనను కొఱ్ఱ, సజ్జ, జొన్న వండుకొనుడు. మనము తిన్నచో రైతు పండించును. గ్రామస్థులు ఏటేట వేసవిలో చెరువు పూడిక తీయుడు. రైతు సోదరులు తుఫాను హెచ్చరికను విన్న వెంటనే కోసిన పనలను కుప్ప వేసుకొనుడు. అప్పటికే తడిసినచో, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనలపై చల్లినచో గింజ మొలకెత్తకుండ ఆగునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కొంత విత్తనమును తడి తగులని ఎత్తైన చోట ఉంచుకొనుడు. అధికారమున ఉన్న భక్తులు, గిడ్డంగి పైకప్పు కారుట చూచినచో ఆలయ విమానము కారినట్లే భావించి బాగు చేయింపుడు.

వానను కురిపించుట మన చేతిలో లేదు. అది కీడు లేని వానగ కురియవలెనని గోదాదేవి నేర్పిన విధముగ ప్రార్థింతము. ప్రార్థించి, లేచి, గాదె మూత సరిగా ఉన్నదో లేదో చూచుకొందము. సత్యవ్రతునికి విత్తనములను అప్పగించిన స్వామియే మనకును అప్పగించియున్నాడు. ఆయన అడిగిన దినమున మన చేతులు రిక్తముగ ఉండకుండునట్లు శ్రీనివాసుడు మనలను అనుగ్రహించుగాక!